మొదటిసారి స్నోబోర్డింగ్: ఒక్క వీకెండ్‌లో ఎంతవరకు వస్తుంది?

మీరడిగింది క్లుప్తంగా ఇది: సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటున్నారు, వయసు ముప్పై దాటింది, మంచు మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. వచ్చే శని, ఆదివారాలు ఆఫీసు స్నేహితులతో స్నోక్వాల్మీ స్కీ రిసార్టుకి వెళ్తున్నారు. రెండు రోజుల్లో స్నోబోర్డింగ్ వస్తుందా, క్లాసు తీసుకోవాలా, స్నేహితులు నేర్పితే సరిపోదా, ఏమేం కొనాలి, వెంట వచ్చే భార్య, ఆరేళ్ల పాప అక్కడ ఏం చేయొచ్చు?

వస్తుంది. రెండు రోజులూ పొద్దున క్లాసు తీసుకుని, మధ్యాహ్నం అదే చిన్న వాలు మీద సాధన చేస్తే, ఆదివారం సాయంత్రానికి గ్రీన్ రన్ (అన్నిటికంటే సులువైన వాలు దారి) మీద ఎవరి సాయం లేకుండా, ఆగాలనుకున్న చోట ఆగుతూ కిందికి రాగలరు. కొందరికి అప్పటికే మలుపులు కూడా కలుస్తాయి, కొందరికి ఇంకో వారం పడుతుంది. ఒంట్లో బలం ఎంతుందన్నదానికంటే భయం ఎంత త్వరగా వదిలిందన్నదే అక్కడ తేడా. షరతు ఒక్కటే. ఎవరెంత పిలిచినా మొదటి రోజు కొండ పైకి తీసుకెళ్లే పెద్ద లిఫ్టు ఎక్కకండి. ముందు ఆగడం రావాలి, తర్వాతే జారడం.

నేను ఈ కాస్కేడ్ కొండల్లోనే చాలా చలికాలాలుగా వారాంతాల్లో కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. రెడ్‌మండ్, బెల్‌వ్యూ నుంచి వచ్చే తెలుగువాళ్లు నా దగ్గరికి బాగానే వస్తారు. వాళ్లలో తరచూ చూసిందే రాస్తున్నాను.

ముందు, మీరు అడగకపోయినా, స్కీయింగా స్నోబోర్డింగా అన్న సంగతి తేల్చుకోండి. జీవితంలో ఒక్కసారి మంచు మీద జారి ఫొటో దిగితే చాలనుకుంటే స్కీయింగే మేలు. కాళ్లు రెండూ విడివిడిగా ఉంటాయి, ముఖం ముందుకే ఉంటుంది, మొదటి రోజే కాస్త తిరగగలరు. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే చెక్కకి కట్టేస్తారు, ఒళ్లు పక్కకి తిరిగి ఉంటుంది, మొదటి రెండు రోజులూ పడటం, లేవడంతోనే గడుస్తాయి. ఆ రెండు రోజులూ దాటితే మాత్రం గబగబా వస్తుంది. ఈ చలికాలంలో ఇంకో మూడు నాలుగు సార్లు వెళ్లే ఉద్దేశం ఉంటే సందేహం లేకుండా స్నోబోర్డే పట్టుకోండి.

ఇక స్నేహితుల విషయం. వాళ్లకి బాగా రావచ్చు, మీ మీద ప్రేమా ఉండొచ్చు. కానీ తనకి రావడం వేరు, ఇంకొకరికి నేర్పడం వేరు. పదేళ్లుగా జారుతున్నవాడికి తన మడమ ఎక్కడ నొక్కుతోందో, చూపు ఎటు పోతోందో గమనికే ఉండదు. అందుకని "ఊరికే అలా వచ్చెయ్, అదే వస్తుంది" అంటాడు. రెండేళ్ల కిందట స్నోక్వాల్మీలోనే సమ్మిట్ సెంట్రల్ అనే భాగంలో ఒక కుర్రాణ్ని చూశాను, గుంటూరు వైపు యాస. స్నేహితులు తిన్నగా పైకి తీసుకెళ్లి, కాసేపు చెప్పి, తర్వాత వాళ్ల దారిన వాళ్లు దిగిపోయారు. బోర్డు విప్పి చంకలో పెట్టుకుని, రన్ అంచున అడుగులో అడుగు వేసుకుంటూ దిగుతున్నాడు, ప్యాంటు తడిసి బరువెక్కిపోయింది. అతనికి ధైర్యం తక్కువేమీ కాదు. ఆగడం ఎలాగో ఎవరూ చెప్పలేదు, అంతే. కిందికొచ్చాక చిన్న వాలు మీద అరగంట బోర్డు మడమ వైపు అంచు మీద నిలబడటం చూపిస్తే చక్కగా పట్టుకున్నాడు.

కాబట్టి క్లాసు తీసుకోండి. కొత్తవాళ్ల కోసం పాఠం, అద్దె బోర్డు, బూట్లు, కింది లిఫ్టుల టికెట్ కలిపిన ప్యాకేజీలు ఉంటాయి. విడివిడిగా కొనేకంటే అదే చవక. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకుంటే కౌంటర్ ధర కంటే తగ్గుతాయి. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వచ్చే వారాంతాలు మాత్రం వదిలేయండి. ఆ రోజుల్లో నేర్చుకునే సమయం కంటే వరుసలో నిలబడే సమయమే ఎక్కువ. ఇంకో సంగతి, స్నోక్వాల్మీ అంటే ఒకే చోటు కాదు. సమ్మిట్ వెస్ట్, సెంట్రల్, ఈస్ట్, ఆల్పెంటాల్ అని నాలుగు భాగాలు. కొత్తవాళ్లకి వెస్ట్, సెంట్రల్ సరిపోతాయి. ఆల్పెంటాల్ బాగా నిటారు, ఈసారికి అటు పోవద్దు. మీ బుకింగ్‌లో ఏ భాగం పేరు ఉందో ముందే చూసుకోండి, తప్పు పార్కింగ్‌లో దిగితే పొద్దున క్లాసు పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బోర్డుకి రెండు వైపులా ఇనుప అంచు ఉంటుంది. మడమల వైపుది హీల్ ఎడ్జ్, వేళ్ల వైపుది టో ఎడ్జ్. వాలుకి అడ్డంగా బోర్డు పెట్టి, కొండ పైవైపున్న అంచు మీద బరువు వేస్తే బోర్డు మంచుని గీసుకుంటూ నెమ్మదిస్తుంది, ఇంకా నొక్కితే ఆగిపోతుంది. కాస్త వదిలితే మళ్లీ కిందికి జారుతుంది. స్నోబోర్డింగ్ మొత్తం ఈ నొక్కడం, వదలడమే. ప్రమాదమంతా రెండో అంచుతో, అంటే లోయ వైపున్న దానితో. అది పొరపాటున మంచులో దిగిందంటే బోర్డు టక్కున ఆగుతుంది, ఒళ్లు మాత్రం ఆగదు. పెనం మీద అట్లకాడని ముందు అంచు కాస్త ఎత్తి తోస్తే జారుతుంది, అదే అంచు దించి తోస్తే గుచ్చుకుంటుంది కదా, అచ్చం అలాగే. "ఎడ్జ్ క్యాచ్" అయ్యిందంటారు దీన్నే. కొత్తవాళ్లు గట్టిగా పడేది ఎక్కువగా ఇలాగే, అదీ చాలాసార్లు కింద చదునుగా ఉన్నచోట, "అమ్మయ్య, వచ్చేశాం" అని కాళ్లు వదులు చేసిన క్షణంలో. అందుకే బోర్డుని ఎప్పుడూ పూర్తి చదునుగా, అడ్డంగా ఉంచకండి. ఏదో ఒక అంచు మీదే ఉండండి.

శనివారం ఎలా గడుస్తుందంటే, మొదటి గంట ముందు కాలు ఒక్కటే కట్టుకుని, వెనక కాలితో తోసుకుంటూ చదును మీద తిరుగుతారు. విసుగ్గా అనిపిస్తుంది, కానీ దాటవేయకండి, లిఫ్టు దిగేటప్పుడు పనికొచ్చేది ఇదే. తర్వాత మ్యాజిక్ కార్పెట్ ఎక్కుతారు. ఎయిర్‌పోర్టులో మనుషులు నిలబడి కదిలే బెల్టు లాంటిదే, కాకపోతే వాలు మీద. పైకి చేరాక రెండు కాళ్లూ కట్టుకుని, ముఖం లోయ వైపు పెట్టి, మడమ అంచు మీద అడ్డంగా జారడం. దీన్ని సైడ్ స్లిప్ అంటారు. బొటనవేళ్లు పైకి లాగితే ఆగుతారు, చీమంత దించితే జారతారు. మోకాళ్లు వంచాలి, నడుము కాదు. ఈ తేడా దగ్గరే సగం మంది ఇబ్బంది పడతారు. భయమేస్తే మనిషి నడుము దగ్గర వంగి నేలవైపు చూస్తాడు, పిర్రలు వెనక్కి పోతాయి, బోర్డు ముందుకి పారిపోతుంది. వీపు నిటారుగా, కుర్చీలో సగం కూర్చున్నట్టు ఉంచి, చూపు దూరంగా ఏదో చెట్టు మీద నిలపండి.

అది నిలకడగా వచ్చాక ఫాలింగ్ లీఫ్. అంటే మడమ అంచు వదలకుండానే కుడికి కొంత దూరం, ఆగి, ఎడమకి కొంత దూరం. ఎటు వెళ్లాలో అటు చూసి, అటు చెయ్యి చాపండి. చూపు పోయిన వైపు భుజం పోతుంది, భుజం పోయిన వైపు బోర్డు పోతుంది. ఈ ఒక్కటి చేతికొస్తే గ్రీన్ రన్ ఏదైనా క్షేమంగా దిగే దారి మీ దగ్గరున్నట్టే. శనివారానికి ఇది చాలు.

లేవడం గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మొదటి రోజు అలసట అంతా జారడంలో కాదు, లేవడంలో వస్తుంది. కూర్చున్న చోటు నుంచి ముందుకి ఊగి లేవలేకపోతే బోర్లా తిరగండి, మోకాళ్ల మీదికి రండి, చేతులతో నేలని తోసి వేళ్ల అంచు మీద నిలబడండి. పొట్ట కాస్త ఉన్నవాళ్లకి, నడుము పట్టేసేవాళ్లకి ఇదే సులువు. ఇంట్లో కార్పెట్ మీద ఈ వారమంతా రోజూ కొన్నిసార్లు చేసి చూడండి, దాంతోపాటు గోడకి వీపు ఆనించి కుర్చీ ఆసనం వేయండి.

పడటం కూడా నేర్చుకోవాల్సిందే. వెనక్కి పడుతున్నారనిపిస్తే గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు ఒంటికి దగ్గరగా లాక్కుని, పిర్రల మీద కూలబడి వీపు మీదికి దొర్లండి. ముందుకైతే మోకాళ్లు, తర్వాత ముంజేతులు. పడేటప్పుడు అరచెయ్యి మాత్రం నేలకి ఆనించకండి, పిడికిలి బిగించే ఉంచండి. స్కీయింగ్‌లో మోకాలికి దెబ్బలు ఎక్కువ, స్నోబోర్డింగ్‌లో, అందులోనూ కొత్తవాళ్లకి, మణికట్టుకి ఎక్కువ. కీబోర్డు మీద బతికేవాళ్లం, ఆరు వారాలు కట్టు కట్టుకుని కూర్చుంటే ఎంత కష్టమో నా విద్యార్థి ఒకామె నాకు రోజూ మెసేజ్ పెట్టి చెప్పేది. మణికట్టుకి వేసుకునే రిస్ట్ గార్డులు చవకే, స్కేటింగ్ వాళ్లవైనా పర్వాలేదు, గ్లవ్స్ కింద పడతాయో లేదో కొనేటప్పుడే చూడండి. హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, దాని గురించి అసలు చర్చే వద్దు.

ఆదివారం టో ఎడ్జ్. ముఖం కొండ వైపు, వీపు లోయ వైపు. కనబడని దిక్కుకి జారడం కాబట్టి చాలామందికి గుండె జారేది ఇక్కడే. బూటు ముందు నాలుకకి మోకాలి కింది ముందు ఎముకని ఆనించి నొక్కండి, మోకాళ్లు మంచు వైపు వంచండి, పొట్ట ముందుకి తోయండి. కాలివేళ్ల మీద నిక్కి నిలబడితే పిక్కలు పది నిమిషాల్లో మండిపోతాయి. బూటు మీద ఆనితే బలం అంత ఖర్చు కాదు.

మలుపు గురించి అందరూ అడుగుతారు. రహస్యమేమీ లేదు. బరువు ముందు కాలి మీదికి తీసుకెళ్లి, బోర్డు ముక్కు కిందికి తిరిగేదాకా ఓపిక పట్టాలి, తిరిగాక రెండో అంచు మీదికి మారాలి. బోర్డు తిన్నగా లోయవైపు చూసే ఆ ఒకటి రెండు క్షణాలే భయం. భయం వేయగానే ఒళ్లు వెనక కాలి మీదికి వాలుతుంది. వెనక్కి వాలితే ముందు అంచు పట్టు పోయి బోర్డు తిరగదు, తిరగక వేగం పెరుగుతుంది, వేగం పెరిగి ఇంకా భయం వేస్తుంది. వెనక కాలితో బోర్డుని తన్ని తిప్పేవాళ్లని చూస్తారు, అలా అలవాటు చేసుకుంటే తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం. నలభై దాటిన ఒకావిడకి నేర్పాను, విజయవాడ ఆవిడ, క్లాసులో అందరికంటే నెమ్మది. ప్రతి మలుపుకీ ముందు మోకాలి మీద చెయ్యి వేసుకుని, దాన్ని ముందుకి నొక్కుకుంటూ, బోర్డు తిరిగేదాకా ఆగేవారు. తన్నడం లేదు, తొందర లేదు. ఆదివారం మధ్యాహ్నానికి క్లాసులో మలుపులు కలిపింది ఆవిడొక్కరే. ఆ మోకాలి మీద చెయ్యి చిట్కా ఇప్పుడు నేను అందరికీ చెప్తున్నాను.

చెయిర్‌లిఫ్టు ఎప్పుడు? రెండు దిక్కులా జారుతూ, అడిగిన చోట ఆగగలుగుతున్నారని మీ టీచర్ అన్నప్పుడు. మొదటిసారని లిఫ్టు దగ్గరుండే మనిషికి చెప్పండి, వేగం తగ్గిస్తారు. దిగేటప్పుడు బోర్డు తిన్నగా పెట్టి, విడిగా ఉన్న వెనక పాదం రెండు బైండింగుల (పాదాలు కట్టే పట్టీల) మధ్య ఆనించి, ముందుకి చూస్తూ లేవండి. పక్కవాళ్ల చెయ్యి పట్టుకోకండి, ఇద్దరూ పడతారు. పడినా వెంటనే పక్కకి జరగండి, వెనక కుర్చీ వచ్చేస్తుంటుంది. రన్ మీద దారి హక్కు ఎప్పుడూ కిందనున్నవాళ్లదే, పైనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి. ఆగితే అంచున ఆగండి, గుట్ట వెనక పైవాళ్లకి కనబడని చోట కాదు. రన్ హద్దు తాడు దాటి చెట్లలోకి అస్సలు వద్దు. పెద్ద చెట్ల మొదళ్ల చుట్టూ మంచు గుల్లగా ఉంటుంది, అందులో తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రాలేరు.

ఇక సామాను. బోర్డు, బూట్లు అద్దెకి తీసుకోండి. ప్యాంటు, గ్లవ్స్, సాక్సులు, గాగుల్స్ మీవి ఉండాలి. పసిఫిక్ తేమంతా ఈ కొండలకి కొట్టుకుని మంచుగా పడుతుంది. ఇదే వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్ మీద 1998-99 చలికాలంలో 1,140 అంగుళాలు పడి ప్రపంచ రికార్డయింది. స్నోక్వాల్మీ పాస్ (కనుమ) ఎత్తు దాదాపు 3,000 అడుగులే, కాబట్టి ఇక్కడి మంచు బరువుగా, తడిగా ఉంటుంది, ఒక్కోసారి వానే పడుతుంది. చలి కంటే తడే మిమ్మల్ని ఇంటికి పంపేస్తుంది. జీన్స్, కాటన్ బనీను వద్దు. 10,000 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వాటర్‌ప్రూఫ్ రేటింగ్ (బట్ట నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే కొలత) ఉన్న ప్యాంటు, జాకెట్ చూసుకోండి. కొత్తవి కొనలేకపోతే స్నేహితుల దగ్గర అడిగి తీసుకోండి. కళ్లద్దాలుంటే వాటి మీద పట్టే గాగుల్స్ అడగండి. గ్లవ్స్ ఇంకో జత బ్యాగులో ఉండాలి.

బూట్ల దగ్గర మనవాళ్లు ఎక్కువమంది మోసపోతారు. ఇండియాలో 8 వేసుకునే మగవాళ్లకి అమెరికా కొలతలో సుమారు 9 అవుతుంది. ఆ లెక్క తెలియక ఒకరు బిగుతుగా, చలికి రెండు జతల సాక్సులని ఇంకొకరు వదులుగా తీసుకుంటారు. ఒకే ఒక జత సన్నని ఉన్ని సాక్సులు, పిక్కల దాకా. బూటు తొడుక్కుని మడమని నేల మీద రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టి, అప్పుడు బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకి తగిలీ తగలనట్టుండాలి, మోకాళ్లు వంచితే ఆ తాకిడి వదలాలి, వేళ్ల మీద లేచినా మడమ బూట్లో ఎగరకూడదు. మడమ ఎగిరితే మీరు నొక్కింది బోర్డుకి అందదు, ఎన్ని క్లాసులైనా వృథా. కౌంటర్‌లో సిగ్గుపడకుండా మార్పించండి.

అద్దె ఫారంలో రెగ్యులరా, గూఫీనా అని అడుగుతారు. రెగ్యులర్ అంటే ఎడమ కాలు ముందు, గూఫీ అంటే కుడి కాలు ముందు. ఇంట్లో నున్నటి గచ్చు మీద సాక్సులతో పరుగెత్తి జారి చూడండి, ఏ కాలు ముందుకి పోతే అదే మీది. బరువు, ఎత్తు నిజం రాయండి, బోర్డు పొడవు బరువుని బట్టే ఇస్తారు. కొత్తవాళ్లకి గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చే మెత్తని బోర్డు బాగుంటుంది.

దారి సంగతి. సియాటిల్ నుంచి ఐ-90 మీద 50 మైళ్ల చిల్లర, రోడ్డు బాగుంటే గంట. పొద్దున ఏడు దాటాక బయల్దేరితే ట్రాఫిక్‌లో, పార్కింగ్‌లో ఆ గంట రెండవుతుంది. బయల్దేరే ముందు రాష్ట్ర రవాణా శాఖ యాప్‌లో పాస్ పరిస్థితి చూడండి. టైర్లకి చెయిన్లు తప్పనిసరి అని రోడ్డు మీద సూచన పెడితే మామూలు కారుకి వేయాల్సిందే. ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి సరైన టైర్లుంటే వేయనవసరం లేదు గానీ కారులో చెయిన్లు ఉండి తీరాలి. వాటిని ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి తొడిగి చూడండి. తిండికి పులిహోర కట్టుకెళ్లండి, చల్లారినా తినొచ్చు, లాడ్జి క్యాంటీన్‌లో వరుసలో నిలబడే అరగంట మిగులుతుంది. నీళ్లు తాగుతూ ఉండండి, ఆ చలిలో దాహం తెలియదు.

మూడు గంటలయ్యేసరికి తొడలు వణకడం మొదలైతే ఆపేయండి. స్నోక్వాల్మీలో రాత్రి పూట కూడా లైట్లు వేసి నడుపుతారు, "ఇంకొక్క రౌండ్" అని స్నేహితులు లాగుతారు. నేను చూసిన దెబ్బల్లో చాలా భాగం ఆ ఇంకొక్క రౌండ్‌లో తగిలినవే. కాళ్లు అలిసిపోతే అంచు పట్టి ఉంచలేవు, సాయంత్రానికి మంచు కూడా గట్టిపడుతుంది.

మీ ఆవిడకి ఆసక్తి ఉంటే తనూ అదే క్లాసులో చేరొచ్చు, కానీ అప్పుడు పాపని ఎవరు చూస్తారన్నది ముందే అనుకోండి. పూటకొకరు నేర్చుకున్నా బాగానే ఉంటుంది. ఆరేళ్ల పిల్లకి మొదటిసారి స్నోబోర్డు కంటే స్కీలే సులువు, పిల్లలకి విడిగా క్లాసులుంటాయి, త్వరగా నిండిపోతాయి, ఈరోజే చూడండి. అది దొరక్కపోతే సమ్మిట్ సెంట్రల్ దగ్గర ట్యూబింగ్ ఉంది. గాలి ట్యూబులో కూర్చుని జారడమే, నేర్చుకోవాల్సిందేమీ లేదు, తల్లీ కూతుళ్లిద్దరికీ హాయి. దానికీ సమయం ప్రకారం టికెట్లు ముందే తీసుకోవాలి, పిల్లల ఎత్తుకి నియమం ఉంటుంది కాబట్టి బుక్ చేసే ముందు పాపని గోడకి నిలబెట్టి కొలవండి.